బోడి మడికి తీపి నీళ్ళు

తోటలో పరిశోధన చేయిస్తున్న మార్గిట్ మేడమ్ అన్నది "కంట్రోల్ ప్లాట్" అని. కూలి ఆంజి చెవిన పడ్డది "కంట్రోల్ షాప్" అని. తప్పు ఆంజిది కాదు, చెవిది. జగిత్యాల పక్క పల్లెలో పెరిగిన చెవికి కంట్రోల్ అంటే రేషన్ బియ్యం తప్ప ఇంకో అర్థం ఎక్కదు.

సాయంత్రం ఘాలాలోని లేబర్ క్యాంపుకి తిరిగి వెళ్ళే కంపెనీ బస్సులో ఆ మాట ముందు సీటు నుంచి వెనక సీటుకు నడిచింది. నడుస్తూ నడుస్తూ బాగా బలిసింది.

"మన తోటల కంట్రోల్ దుకాణం పెడుతున్నరట. యూరపోళ్ళు బియ్యమిస్తరట."

"కార్డు లేకుంటె?"

"ఈడ సర్కారిచ్చిన బతాకా కార్డు సూపిస్తె సాలట."

తెల్లవారి బస్సు దిగినవాళ్ళంతా చంకలో సంచులతో దిగారు. తోట సూపర్‌వైజర్ ఎహసాన్‌ది సియాల్‌కోట్. అతను సంచుల్ని చూశాడు, మొహాల్ని చూశాడు. "యే క్యా హై? సంచీ కాయ్‌కూ?" అన్నాడు. ఎవర్నడిగినా పక్కవాణ్ణి చూపించారు. చివరివాడి పక్కన ఖర్జూరం చెట్టుంది, వాడు దాన్ని చూపించాడు. ఎహసాన్ అందరిచేతా ఆ సంచుల నిండా ఎండిన ఖర్జూరం ఆకులు కూరించి మడిలోకి మోయించాడు. బియ్యం రాలేదుగానీ భుజాలకు మాత్రం నొప్పులొచ్చాయి.

సంచి తేనివాడు ఒక్క పెద్దులు. పేరులో పెద్ద, వయసులో పెద్ద, జీతంలోనే చిన్న. సైట్లలో సిమెంటు మోసి మోసి నడుము వంగాక కంపెనీ అతన్ని అల్ మవాలే అవతల, సముద్రం వైపున్న ఈ తోట డ్యూటీకి పంపింది. శిక్ష వేశామనుకుంది కంపెనీ. పెద్దులుకి మాత్రం చాలా ఏళ్ళ తర్వాత కాలికింద మట్టి తగిలింది. ఇక్కడ సాగు సాగినన్నాళ్ళే తన బతుకూ సాగుతుందని మొదటిరోజే లెక్కేసుకున్నాడు. సాగు ఆగితే మళ్ళీ సైటే. సైటుకు ఈ నడుము పనికిరాదు, పనికిరాని నడుముతో ఊరెళితే అక్కడ పొలమూ పనికిరాదు. బోర్లన్నీ ఎండి, మక్క కళ్ళముందే మాడి, అతను ఈ ఎడారి దేశానికి విమానం ఎక్కిందే అందుకు.

తోటలో జరుగుతున్నది పరిశోధన. యూరప్‌లో ఏదో యూనివర్సిటీ డబ్బులు పెట్టింది. అక్కడి పల్లెలు ఎండుతున్నాయట, జనం ఊళ్ళు వదిలి పోతున్నారట. తక్కువ నీళ్ళతో, ఉప్పునీళ్ళతో పంట నిలిచే దారి చూపిస్తే సర్కారు దాన్ని పాలసీ చేసి, అలా సాగుచేసే రైతుకి సాయం ఇస్తుందట. అక్కడికి రేపు రాబోయే ఎండ ఇక్కడికి నిన్ననే వచ్చేసింది కాబట్టి పరీక్ష ఇక్కడ పెట్టారు.

ఇదంతా మేడమ్ ఇంగ్లీషులో చెప్పేది. ఇంగ్లీషులో బయల్దేరిన మాట ఎహసాన్ దగ్గర ఉర్దూలో దిగి, ఆంజి దగ్గర తెలుగులో ఎక్కేసరికి సగం సామాను ఎక్కడో జారిపోయేది.

"పాలసీ అంటే ఎర్కేనా కాక?" అన్నాడు ఆంజి. "బతికున్నన్ని రోజులు కట్టుడు, సచ్చినంక తీసుకునుడు."

"గది బీమా పాలసీ రా. ఇది భూమి పాలసీ."

"ఒక్కటే గదనే. భూమిల పెట్టినంకనే గద పైసలొచ్చేది!"

మడులు రెండు. రెండిట్లోనూ జొన్నే, రెండిటికీ బావిలోని ఉప్పునీళ్ళే, అవీ సన్న గొట్టాల్లో చుక్కచుక్కగా, సరిసమానంగా. ఒకదానికి ఖర్జూరం ఆకులు పరిచి నేల కప్పారు. అది కప్పు మడి. రెండోది బోడి మడి, అదే కంట్రోల్. కప్పు మడి పచ్చగా నిలిచి, బోడి మడి ఎండిపోతే ఆకు కప్పడం గెలిచినట్టు. గెలిస్తే తోట ఇంకొన్నేళ్ళు నడుస్తుంది. గెలవకపోతే ఈ కోతతోనే మూత.

ఎహసాన్ పెద్దులుని ప్రత్యేకంగా బోడి మడి గట్టు మీదికి తీసుకెళ్ళి మరీ చెప్పాడు. "చాచా, ఇస్‌కో సూఖ్‌నే దేవ్. ఏక్ బూంద్ జ్యాదా నహీ." ఎండనియ్యి, ఒక్క చుక్క ఎక్కువ పొయ్యకు. పెద్దులుకి పూర్తిగా అర్థమైంది. ఎండటం అనే మాట ఏ భాషలో చెప్పినా అతనికి అర్థమయ్యేదే.

మొదట్లో బాగానే ఉన్నాడు. జొన్న మోకాలెత్తుకొచ్చాక బోడి మడిలో ఆకులు మధ్యాహ్నానికి చుట్టలు చుట్టుకోవడం మొదలైంది. మొదళ్ళ చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంది. కంపెనీ ఉప్పు మనుషులు తింటుంటే, ఇక్కడ ఉప్పే మొక్కల్ని తింటోంది. పెద్దులు అటు చూడకుండా నడవడం నేర్చుకున్నాడు. ఊళ్ళో మక్క మాడిన ఏడు భార్య సత్తవ్వ ఇదే చెప్పింది. "అటు సూడకు. సూస్తె అది నిన్ను అడుగుతది."

ఒకరోజు మేడమ్ తన ఫోన్‌లో ఫోటో చూపించింది. పగుళ్ళిచ్చిన నేల, తలలు వాల్చిన పొద్దుతిరుగుడు.

పెద్దులు ఫోన్ లాక్కున్నంత పని చేశాడు. "గిది మా పొలమేనా? మేడమ్ ఫోన్లకు ఎట్లొచ్చింది?"

ఎహసాన్ తర్జుమా చేస్తే మేడమ్ నవ్వింది. నవ్వి, ఆపేసింది. అది వాళ్ళ నాన్న పొలమట. ఆయన ఊరొదిలి పట్నంలో ఆమె ఇంట్లో టీవీ చూస్తూ కూర్చున్నాడట. ఈ పరీక్ష నెగ్గితే వాళ్ళ ఊళ్ళో కొందరైనా మిగులుతారట.

అంటే కప్పు మడి గెలవాలని మేడమ్‌కంటే ఎక్కువ కోరుకున్నవాడు ఆ తోటలో ఒక్కడుంటే అది పెద్దులే. ఆ పెద్దులే ఆ మర్నాడు ఆ పని చేశాడు.

ఎండాకాలంలో నడిమధ్యాహ్నం బయట పని చేయించకూడదని అక్కడ రూలు. అంతా రేకుల షెడ్డులో కూలర్ ముందు గుర్రుపెడుతున్నారు. పెద్దులు లేచి, తాగడానికి ట్యాంకర్‌లో వచ్చే తీపి నీళ్ళు డబ్బాలో పట్టుకుని బోడి మడిలోకి వెళ్ళాడు. ఒక్క డబ్బాతో ఏమవుతుందిలే అనుకున్నాడు. చుట్టలు చుట్టుకున్న ఆకులు అతను చూస్తుండగానే విప్పుకున్నాయి. అంతే, ఆ విప్పుకోవడం చూశాక ఇంక ఆగడం అతని వల్ల కాలేదు. రోజూ అందరూ పడుకునే వేళ అతను లేచి, డబ్బా మీద డబ్బా మోసేవాడు. మేడమ్ ఆ వేళ ఘుబ్రాలోని తన ఫ్లాట్‌లో ఉండేది. తన వాటా తాగునీరు కూడా జొన్నకే పోసి, సాయంత్రం దాకా నాలుక తడుపుకుంటూ తిరిగేవాడు.

"కాక, పెదవులట్ల పగిలినయేందే?" అనేవాడు ఆంజి.

"గాలి రా. ఉప్పు గాలి."

కోత వచ్చింది. ఫలితం తేలింది, తోట మునిగింది. తీపి నీళ్ళకి మొదట్లోని ఉప్పు కడుక్కుపోయి, బోడి మడి కప్పు మడికంటే ఓ జానెడు ఎత్తు పెరిగింది. ఆకు కప్పిన మడికి ఏ కప్పూ రాలేదు. మేడమ్ ఆ మడిలో చాలాసేపు అటూఇటూ తిరిగింది. ఏం అర్థం కాలేదు. ఆకు కప్పడం వల్ల లాభమేమీ కనబడలేదని రాసి పంపించింది. అక్కణ్ణించి రెండు ముక్కల జవాబు. డబ్బులు బంద్. తోట యజమాని గోడౌన్లు కట్టుకుంటాడట. పరిశోధన కాస్తా రోదనగా మిగిలింది.

"రేపటికెల్లి అందరికి సైట్ డ్యూటే," అన్నాడు ఆంజి. "కాక, నీ నడుము సంగతేంది?"

పెద్దులు నడుముకున్న తువ్వాలు విప్పి, మళ్ళీ బిగించి కట్టుకున్నాడు.

ఆఖరి మధ్యాహ్నం సామాను సర్దుతున్నారు. బోడి మడిలో విత్తనానికని వదిలిన నాలుగు కర్రలు ఇంకా పచ్చగా నిలబడున్నాయి. పెద్దులు అలవాటు కొద్దీ లేచి, డబ్బా నింపుకుని వెళ్ళి వాటికి పోస్తున్నాడు. పరీక్ష అయిపోయింది, తోట అయిపోయింది, ఇంకెవరికోసం పోస్తున్నాడో అతనికీ తెలియదు.

"చాచా!"

ఎహసాన్ కేకకి షెడ్డంతా లేచొచ్చింది. వీడ్కోలు చెప్పడానికి వచ్చిన మేడమ్ కూడా. డబ్బా చూసింది, తడి చూసింది, కడిగినట్టున్న మొదళ్ళు చూసింది. ఆమెకి ఎవరూ తర్జుమా చెయ్యక్కర్లేకపోయింది. గట్టుమీద కూలబడి ఒక్కమాట అడిగింది. ఎహసాన్ ఆ మాట పెద్దులుకి అందించాడు. "ఎందుకు?"

పెద్దులు చేతిలోని డబ్బాను వీపు వెనక్కి దాచుకున్నాడు.

ఆంజి ముందుకు దూకి, ఎహసాన్‌కి తన వచ్చీరాని ఉర్దూలో అందించాడు. "మేడమ్, మా కాకకు సమజ్ గాలే! కంట్రోల్ అంటే మాకాడ రేషన్. గరీబోళ్ళకిచ్చేది. ఈ మడి గరీబుది, దీనికి రేషన్ నీళ్ళియ్యాలె అనుకున్నడు. గంతే! సంచులు తేలేదా మేము? గట్లనే!"

ఎహసాన్ పెద్దులు కళ్ళలోకి చూశాడు. ఎండనియ్యమని ఇదే గట్టుమీద చెప్పింది తనే. పెద్దులు తల ఊపింది కూడా ఇక్కడే. ఆంజి చెప్పింది చెప్పినట్టే ఇంగ్లీషులోకి మార్చేశాడు.

మేడమ్ మొహం చేతుల్లో పెట్టుకుంది. పాడైన పరీక్షకి రెండోసారి డబ్బులు ఎవరూ ఇవ్వరు. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. తల ఎత్తి, ఇక ఎవరికీ ఆ పొరపాటు మిగలకూడదన్నట్టు అందరికీ వినబడేలా విడమరిచి చెప్పింది. ఎహసాన్ ఉర్దూ చేశాడు, ఆంజి తెలుగు చేశాడు.

"ఇనుండ్రి. కంట్రోల్ అంటే బియ్యం గాదట, షాపు గాదట. రెండిట్ల ఒకదానికేమో అన్నిస్తరట. రెండోదానికేమియ్యరట. ఏమియ్యకుంటె అది ఎట్లెండుతదో ఊకె నిలబడి సూస్తరట. గా రెండోదే కంట్రోలట."

అంతా "ఓ..." అన్నారు. అర్థమైంది.

"అంటే మనమేనే!" అన్నాడు వెనకనించి ఎవరో.

షెడ్డంతా ఘొల్లుమంది. పెద్దులు కూడా నవ్వాడు. పగిలిన పెదవి మళ్ళీ చిట్లింది. డబ్బాలో అడుగున మిగిలిన నీళ్ళు ఆఖరి కర్ర మొదట్లో ఒంపేసి, బస్సు వైపు నడిచాడు.