పచ్చ లైటు అటువైపే

ఆనపకాయ ముక్కల్లో రొయ్యపొట్టు వేస్తుంటే అత్త అంది, “మావోడు సెప్పేడే సుందరీ, భోగాపురం ఎల్లనన్నావట గదా. మంచి పని సేసేవు.” నేనెప్పుడన్నాను? అక్కడ మంచి ఉద్యోగం వచ్చింది, నువ్వేమంటావని నా మొగుడు శాంతికుమార్‌ని అడుగుతూనే ఉన్నాను. “సూద్దాంలేవే” అనేవాడు అన్నం కలుపుకుంటూ. భోగాపురం వాళ్లకి జవాబివ్వడానికి ఈ రోజే ఆఖరు. కోపం రావాలి కదా, రాలేదు. ఉప్పు వేశాను, బాక్సులు సర్దాను, రాజాం బస్సెక్కాను.

మా కాలేజీలో నెట్‌వర్కు చూసేది నేనూ, నా పైనున్న యుగంధర్ సారూ. కొత్త బ్లాకుకి వేసిన ఫైబర్ లైను నిన్నటి నుంచి పలకడం లేదు. లైనుకి రెండు వైపులా స్విచ్ అనే పెట్టె ఒక్కోటి ఉంటుంది. మెయిన్ బ్లాకులో సారు స్విచ్‌కి పచ్చ లైటు వెలుగుతోంది, కొత్త బ్లాకులో నా స్విచ్‌కి లేదు. “నా వైపు బాగానే ఉన్నాదమ్మా, లోపం నీ దగ్గరే” అన్నాడు ఫోన్లో. సరే, నా దగ్గరే. నాకిది కొత్తా? పిల్లలు పుట్టలేదంటే పరీక్షలన్నీ నాకే చేయించారు. మోకాళ్ల మీద కూర్చుని కేబుల్ కొనలు తుడిచాను, కేబుల్ గుచ్చే మాడ్యూల్ మార్చాను, కేబులే మార్చాను. ఆఖరికి మెయిన్ బ్లాకుకి నడిచి వెళ్లి ఆయన సెట్టింగు నేనే చూశాను.

రెండు స్విచ్‌లు కలిసే ముందు ఒకదాన్నొకటి అడుగుతాయి, నా షరతులివి, నీకు సరేనా అని. ఆటో నెగోషియేషన్ అంటాం. సారు తన వైపు దాన్ని ఆపేశాడు. అడగడం ఆపేసిన స్విచ్‌కి నా వైపు నుంచి వెలుతురు అందితే చాలు, అంతా బాగుందని పచ్చ లైటు వేసుకుంటుంది. జవాబు కోసం చూసే నా స్విచ్‌ మాత్రం అలా చీకట్లోనే ఉంటుంది. పాపం, దానికి ఏ రోగమూ లేదు.

“మీ వైపు ఆన్ చెయ్యమంటారా సార్?”

“నాది ముట్టుకోకు. నీదే మార్చుకో.”

వెనక్కి వచ్చి నా వైపు కూడా ఆ అడగడం ఆపేశాను. లైటు వెలిగింది. ఓలమ్మా, ఇంతేనా! ఆ నేల మీదే కూర్చుని భోగాపురం వాళ్లకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను.

రాత్రి శాంతికుమార్‌కి వడ్డిస్తూ అన్నాను, “సోమవారం నుంచి భోగాపురం ఎల్తన్నాను బావా. అక్కడే గది తీసుకుంతాను.”

ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. “నన్నొక్క మాట అడగక్కర్నేదేటే?”

గరిటెతో ఇంకొంచెం పులుసు పోశాను.

“అడగడం మానేసేను.”