కార్మాక్ డెవ్లిన్ చేతిలోని రేకు బాకా

నేను ఒక రేకు బాకాను. మెగాఫోన్ అంటే మీకు తొందరగా తెలుస్తుందేమో. కాలిఫోర్నియాలో పొయ్యి గొట్టాలు చేసే ఒకాయన మిగిలిపోయిన రేకును చుట్టి, అతికించి, ‘సినిమావాళ్ళు వద్దంటే తిరగేసి గరాటుగా వాడుకోవచ్చులే’ అన్నాడు. పుట్టిన రోజే నేను పడ్డ మాట అది.

సరే, దాన్ని మింగాను. కానీ ఆనాటి మా సినిమాలను మూకీలంటారు చూడండి, అది మాత్రం మింగుడుపడదు. ఏం చూసి అన్నారండీ ఆ మాట? మా సెట్లో ఒక్క పూట నిలబడి ఉంటే చెవుల్లో దూది పెట్టుకునేవారు. ఒక పక్క సుత్తి దెబ్బలు, ఇంకో పక్క నటులకు ఏడుపు తెప్పించడానికి ఫిడేలు, అన్నిటినీ మించి నాలోంచి కార్మాక్ డెవ్లిన్ గొంతు!

కార్మాక్ ఐర్లండులో చేపలు పట్టేవాళ్ళ పల్లెలో పుట్టాడు. సెట్లకు రంగులు వేసే పనికి స్టూడియోలో చేరాడు. ఒకరోజు డైరెక్టరు తప్పతాగి పడిపోతే, నిచ్చెన మీదున్న ఇతనే దిగొచ్చి నన్ను అందుకుని మిగతా సీను తీసేశాడు. ఆ తర్వాత పదిహేనేళ్ళలో అరవై రెండు సినిమాలు. కెమెరా తిరుగుతున్నంతసేపూ నటులకు కథ చెబుతూనే ఉండేవాడు. ‘తల అలాగే ఉంచు తల్లీ... తలుపు చప్పుడైంది... వాడు కాదు, గాలి!’ హాల్లో జనం కళ్ళు తుడుచుకుని నటిని మెచ్చుకునేవారు. మెచ్చుకోనివ్వండి, నాకేం కడుపుమంట లేదు. ఉంది, కొంచెం.

ఇంతలో మాటల సినిమాలొచ్చాయి. ప్రొడ్యూసర్ హోల్కమ్ కార్మాక్‌ను పిలిపించాడు.

“ఇకమీదట షాట్ నడుస్తుంటే నువ్వు నోరెత్తకూడదు. ఈ ఒక్క సినిమా చూస్తాను. కుదరకపోతే నీ దారి నువ్వు చూసుకో.”

వంటవాణ్ణి పొయ్యి ముట్టుకోవద్దన్నట్టుంది కదూ?

ఆ సినిమాలో ఒక జాలరి భార్య పొగమంచులో తప్పిపోయిన మొగుణ్ణి ఒడ్డు మీద నుంచి పిలవాలి. వేషం మేబెల్ ట్రాస్క్‌ది. పదేళ్ళుగా కార్మాక్ గొంతు వింటూ నటించిన మనిషి. ఆ నిశ్శబ్దంలో, నెత్తి మీద వేలాడే మైకు కింద, బిక్కచచ్చిపోయింది. తొమ్మిదిసార్లు తీశారు. తొమ్మిదిసార్లూ కొయ్యబొమ్మలాగే నిలబడింది. పదోసారి కెమెరా తిరుగుతుండగానే కార్మాక్ ఉండబట్టలేక నన్ను ఎత్తాడు.

“మేబెల్, వినమ్మా. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. పొగమంచులో పడవతో సహా దారి తప్పాను. మా అమ్మ బండ మీద నిలబడి నా పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. ఆ పిలుపు పట్టుకునే ఒడ్డుకొచ్చాను. మా అమ్మలా పిలువు. నన్నే పిలువు.”

“కార్మాక్!” అని పిలిచింది మేబెల్. నా రేకు వణికింది. నిజం.

సౌండు గదిలోంచి ఒకడు పరుగున వచ్చాడు. “సర్వనాశనం! మొత్తం మీ కేకలే రికార్డయ్యాయి!”

మర్నాడు హోల్కమ్ ఆ షాట్ చూశాడు. బొమ్మ అద్భుతంగా ఉంది, వదలబుద్ధి కాలేదు. అందుకని శబ్దం చెరిపించి వయొలిన్లు పెట్టించాడు. చెప్పిన మాట విననందుకు కార్మాక్‌ను తీసేశాడు. దర్శకుడిగా రెజినాల్డ్ ఫిప్స్ అని నాటకాల నుంచి తెప్పించిన ఒకాయన పేరు వేశాడు. ఆ షాట్ తీసిన రోజు ఆ మహానుభావుడు ఇంకా రైల్లోనే ఉన్నాడు!

కార్మాక్ నన్ను చేత్తో పట్టుకునే హోల్కమ్ ఆఫీసుకు వెళ్ళాడు.

“ఉద్యోగం పోతే పోనీండి సార్. పేరు మాత్రం ఉంచండి. అది నేను తీసిన సీను.”

“జనం పేర్లు చూడరయ్యా,” అన్నాడు హోల్కమ్.

చూడనప్పుడు ఫిప్స్ పేరు మాత్రం ఎందుకు వేసినట్టు? కార్మాక్ నన్ను బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. దుకాణాల బోర్డులు రాసుకుంటూ బతికి, అలాగే పోయాడని తర్వాత విన్నాను.

ఇప్పుడు నేను మ్యూజియంలో ఉన్నాను. నా ఎదురుగా చిన్న తెర మీద పొద్దస్తమానం ఆ సీనే వేస్తుంటారు. కింద ఫిప్స్ పేరు. చూసినవాళ్ళు వయొలిన్లను తెగ మెచ్చుకుంటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. వయొలిన్లు కాదండీ, ఆవిడ పెదవులు చూడండి! కథలో మొగుడి పేరు టామ్. టామ్ అంటే చివర్లో పెదవులు మూతపడతాయి, కావాలంటే మీరే అని చూడండి. మేబెల్ నోరు చివర్లో తెరిచే ఉంటుంది. రోజుకు నలభైసార్లు, అందరి ముందూ, ఆవిడ కార్మాక్‌నే పిలుస్తోంది.