పట్టినా అన్న మాట

బోరులోంచి మోటరు ఎత్తే పనిలో ముఖ్యమైనది ఒకటే మాట. పైపు పైకి రాగానే బోరు నోటి దగ్గర కూర్చున్నవాడు అది జారకుండా క్లాంపు బిగించి "పట్టినా", అంటే పట్టుకున్నాను, అంటాడు. అది విన్నాకే పైపులను పైకి లాగే హ్యాండిలు దగ్గరవాడు ఇనుప తాడు వదులు చేయాలి. గూళూరు చుట్టుపక్కల ఇరవై ఏళ్లుగా క్లాంపు చెన్నరాయప్పది, హ్యాండిలు పిళ్ళప్పది. పైపుల మరలు విప్పి పక్కన పేర్చేది పిళ్ళప్ప మేనల్లుడు నాగేశ్.

రెండు నెలల కిందట క్లాంపు బిగియకముందే తాడు వదులయింది. పైపుల బరువంతా ఒక్కసారి జారింది. నాగేశ్ కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. చెన్నరాయప్ప చెయ్యి ముసలిదయిందని ఊరంతా అనుకుంది. ఆయన ఎదురు చెప్పలేదు. పిళ్ళప్ప కూడా నోరు విప్పలేదు.

ఈ పొద్దు యశోదమ్మ రేష్మె తోటలో, పట్టుపురుగుల మేతకు పెంచే మల్బరీలో, పని. మోటరు కాలి నాలుగు దినాలయింది. ఆకు వాడిపోతోంది, ఇంట్లో పురుగులు మేతకు తల లేపి చూస్తున్నాయి. ఒంటిచేత్తోనైనా చేస్తానని నాగేశ్ కూడా వచ్చాడు.

"ఇదొక్కటి ఎత్తి నేను బెంగళూరికి పోతాండా. మా అల్లుడు వాచ్‌మన్ పని చూసినాడు," అన్నాడు చెన్నరాయప్ప.

"పైపు పట్టనోడివి గేటు పడతావా అప్పా?" అంది యశోదమ్మ.

చెన్నరాయప్ప బోరు నోటి దగ్గర కూర్చున్నాడు.

మొదటి పైపు పైకొచ్చింది. చెన్నరాయప్ప ఒక్కో బోల్టు మూడు మార్లు తిప్పాడు. మళ్ళీ మొదటిదాన్నుంచి తడిమాడు. "పట్టినా" అని మాత్రం అనడం లేదు. హ్యాండిలు మీద బరువు మోస్తూ పిళ్ళప్ప ఆ చేతులనే చూశాడు. ఈ మనిషి పోతే ఇంక జట్టు లేదు. పోయేది పిళ్ళప్ప చేసిన తప్పును నెత్తిన పెట్టుకుని.

"చెన్నప్పా, ఆ పొద్దు నువ్వు పట్టినా అనలేదు," అన్నాడు.

"తెలుసు."

"వినకనే ఇడిసినా. ఇన్నేండ్లు అంటాండావు కదా, అనుంటావులే అనుకొంటి."

నాగేశ్ తన చెయ్యి చూసుకున్నాడు. "నీకు తెలిసీ ఎందుకు చెప్పలేదు తాతా?"

"నేను చెప్తే తప్పించుకొనే మాట అయితాది. చెప్పాల్సింది వాడు."

 నాగేశ్ లేచి బోరు దగ్గరికొచ్చాడు.

"ఇంకమీద నేనూ చూసి, సరే అన్నాకనే తాడు ఇడిసేది. నేను అనకపోతే పొద్దు మునిగినా అట్లే పట్టుకొనుండల్ల మామా."

"ఉంటా."

పైపులు ఒక్కొక్కటే వచ్చాయి. తొమ్మిదో దానికి చెన్నరాయప్ప "పట్టినా" అన్నాడు, గట్టిగానే. నాగేశ్ సరే అనలేదు. కింద కూర్చుని ఎడంచేత్తో బోల్టు తడుముతున్నాడు. పిళ్ళప్ప భుజాలు లాగేస్తున్నాయి.

"ఏమప్పా, నిద్రపోయినారా?" గట్టు మీదినుంచి యశోదమ్మ.

పిళ్ళప్ప అడగలేదు, కదల్లేదు. చెన్నరాయప్ప గొణగకుండా ఇంకో అర చుట్టు బిగించాడు.

"సరే," అన్నాడు నాగేశ్.

అప్పుడు తాడు వదులయింది.

కాలిన మోటరు పైకొచ్చేసరికి మధ్యాహ్నమయింది. నాగేశ్ పోయేటప్పుడు పిళ్ళప్ప బండి ఎక్కలేదు, చెన్నరాయప్ప వెనకాల కూర్చున్నాడు. చెన్నరాయప్ప అప్పటికే క్లాంపుకు నూనె రాసి గోతంలో చుట్టి, పిళ్ళప్పకు ఇచ్చేయకుండా తన బండికే కట్టుకున్నాడు.

"రేపు పనికి ఎన్ని గంటలకు?" అని అడిగాడు, పిళ్ళప్ప వైపు చూడకుండానే.