ఎత్తి ఉంచిన గేటు

ఆ ఇంటి కోడలికి అత్తగారి మీద ఒకే ఒక్క ఫిర్యాదు: ఆవిడ నాలుక. మాట్లాడే నాలుకతో పేచీ లేదు, దానికి వాడంతా అలవాటు పడింది. రుచి చూసే నాలుకే ప్రాణం తీసేది. కూరలో ఉప్పెక్కువ అనేది. సగం తగ్గించినా ఎక్కువే. అసలు వేయని రోజున కూడా, "అది చెయ్యా, ఉప్పుకొఠారా?" అంది.

ఒక పొద్దున టీ విరిగిపోయింది. పాలవాణ్ణి తిట్టడానికి గొంతు సవరించుకుంటూ అత్త బిందెలో నీళ్ళు పుక్కిట పట్టింది. ఉమ్మేసి, ఇంకో గుక్క పట్టి రుచి చూసింది.

"నీ చెయ్యి కాదే. ఏరే ఉప్పైంది."

ఆ వాడలో అందరి కంచమూ ఏరే. ఏరు సముద్రంలో కలిసే చోట ఒక ఇనుప గేటుంది. పోటుకు దించాలి, ఉప్పునీరు పైకి ఎక్కకుండా. ఆటుకు ఎత్తాలి. తాతల కాలం నుంచీ ఆ పని జాలర్లదే. రొయ్యల చెరువుల కామందుకు ఉప్పునీళ్ళు కావలసి వచ్చాయి. గేటు ఎత్తించి, గొలుసు వేయించి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాడు. నీళ్ళు ఎవరివని వాదించేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: తాళంచెవి ఎవరి బొడ్లో ఉంటే వాళ్ళవి.

విచిత్రమేమిటంటే, గేటు ఎత్తిన కొత్తలో వలలు చిరిగేటంత చేప పడింది. పైమడుగులో కొర్రమీలు, జెల్లలు, కడుపునిండా గుడ్లున్న బొచ్చెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తన్నుకున్నాయి.

"నాన్నా, గుడ్ల తల్లుల్ని వదిలేద్దాం. ఏదో తేడాగా ఉంది," అన్నాడు కోడలి మొగుడు.

మామ రేవు పెద్ద. "ఒళ్ళో పడ్డదాన్ని కాలితో తంతావురా? పట్టు," అన్నాడు.

గేటు సంగతి విచారించడానికి కామందు వెంట అధికారి వచ్చి వలల పాకలో కూర్చున్నప్పుడూ మామ అదే ధీమాతో చెప్పాడు: "గేటు ఎత్తాకే చేప పెరిగింది సారూ."

అధికారికి అంతే కావాలి. జీపు వెళ్ళిపోయింది.

తర్వాత చేప లేదు. పిల్లచేపలు తెల్లగా పొట్టలు పైకి పెట్టి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వలలు ఆరేస్తే వాటి మీద ఉప్పు పేరుకుంది. వల విసిరిన చేతులే కామందు చెరువుల్లో రొయ్యలకు మేత చల్లాయి.

కోడలి మొగుడు గునపం పట్టుకెళ్ళి గొలుసు తెంపాడు. పోలీసులు పట్టుకుపోయారు. కామందు కొత్త గొలుసు వేయించాడు. స్టేషన్ నుంచి వచ్చాక అతని కుడిచెయ్యి భుజం దాటి లేవలేదు. అన్నం ముద్ద నోటిదాకా వస్తుంది, వల విసరడానికి లేవదు. కోడలు చొక్కా తొడుగుతుంటే మామ గోడవైపు తిరిగి కూర్చునేవాడు.

పాకలో మళ్ళీ మీటింగు. "కోర్టుకు పోదాం," అన్నాడు పడవలు చెక్కే వడ్రంగి.

"తీర్పొచ్చేసరికి చేపకు ముళ్ళు కూడా మిగలవు," అంది కోడలు.

"కామందుతో తగువు పెట్టుకుంటే చెరువు పని కూడా పోతుంది," అన్నారెవరో.

"మగమహారాజులు మాట్లాడటం అయిందా?" అంది అత్త. "పోటు మీ సెలవు అడగదు. లేవండే."

ఆడవాళ్ళు లేచారు. తలుపులకు గడియలు పెట్టి, చంటిపిల్లల్ని చంకనేసుకుని గట్టు వెంట నడిచారు. బండరాళ్ళతో మోది మోది తాళం పగలగొట్టారు. గేటు దించే చక్రం బిగుసుకుపోయి ఉంది. కోడలి అరచేతులు చిట్లాయి. పక్కన ఇంకో చెయ్యి పడింది, ఇంకోటి పడింది. గేటు కీచుమంటూ దిగింది. చక్రం చుట్టూ గుంపుగా కూర్చున్నారు. పోటు వచ్చి గేటుకు అవతలే ఆగింది.

పోలీసు వ్యాన్లు వచ్చాయి. అధికారి దిగాడు, వెనక కామందు.

"లేవండమ్మా. గేటు ఎత్తితే మీకే లాభమని మీ పెద్దాయనే చెప్పాడు. ఆయనకంటే మీకెక్కువ తెలుసా?"

అందరూ గట్టుకేసి చూశారు. మామ మగవాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు. కొడుకు చెయ్యి వేలాడేసుకుని పక్కనే ఉన్నాడు, తండ్రిని చూడలేదు.

ముసలాయన మెల్లగా దిగి వచ్చాడు. కోడలు జరిగి చోటిచ్చింది. కూర్చుని, నెత్తురంటిన చక్రాన్ని పట్టుకున్నాడు.

"మమ్మల్నందర్నీ వ్యానెక్కించుకుపోయినా ఈ గేటు లేవదు సారూ. రేపటి పోటుకు పై రేవు వాళ్ళొచ్చి కూర్చుంటారు." అని ఊపిరి తీసుకుని, అధికారిని వదిలి కొడుకు వైపు తిరిగాడు. "చేప పెరగలేదురా. ఉప్పు తరిమితే ప్రాణం దక్కించుకుందామని పైకి పారిపోయి వచ్చింది. అలా వచ్చిన తల్లుల్ని గుడ్లతో సహా పట్టించాను. నువ్వు వద్దన్నావు." గట్టు మీదున్న వాళ్ళందరికీ వినబడేలా గొంతెత్తాడు.

"నేను చెప్పింది తప్పు."