కడిగిన నీళ్ళు

మురుగునీటి శుద్ధి కేంద్రంలో చేరిన మొదటి వారం రేవతి మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. తిరుపతి వీధుల మురుగు వచ్చి చేరే చోటు అది. నీళ్ళు తేరుకున్నాక అడుగున మిగిలే నల్లటి బురద జిగురుగా చేతి తొడుగులకు అంటుకునేది. ఇంటికెళ్ళి తలంటుకున్నా జుట్టులోంచి ఆ వాసన పోయేది కాదు. రెండేళ్ళకు అలవాటైపోయింది. ల్యాబులోనే కూర్చుని క్యారియర్ విప్పుకునేది.

ఆ బురదను ఎండబెట్టి రైతులకు ఎరువుగా ఇవ్వాలని కంపెనీ ఆలోచన. లోహాలు అడ్డం వచ్చాయి. ఊళ్ళో లోహపు పూత పని చేసే షెడ్ల నుంచి సీసం, క్రోమియం, నికెల్ కాలవల్లో కలిసి బురదలో పేరుకునేవి. వాటిని వదిలించే పని రేవతిది. బురదను యాసిడ్ కలిపిన నీళ్ళలో నాలుగు గంటలు కలియతిప్పితే లోహాలు చాలావరకు కరిగి నీళ్ళలోకి వచ్చేస్తాయి. తర్వాత బురదను ప్రెస్సులో పిండాలి. ఆ పుల్లటి నీళ్ళను సున్నం తొట్టికి పంపితే లోహాలు మడ్డిగా అడుక్కి దిగుతాయి. ఆ మడ్డిని బస్తాలకెత్తి ప్రమాదకర వ్యర్థాల యార్డుకు చేర్చాలి. బురదలో సీసం మూడో వంతుకు పడిపోయిన రోజు రేవతి ల్యాబులో అందరికీ మైసూర్ పాక్ పంచింది.

ఒక బుధవారం పొద్దున చంద్రకాంతమ్మ చెంబు పట్టుకుని ల్యాబు గుమ్మంలో నిలబడింది. కేంద్రానికి దిగువన పారే వంక గట్టున ఆమెకు అర ఎకరం ఆకుకూరల మళ్ళున్నాయి. ప్రతి మంగళవారం గేటు దగ్గర తలా ఒక తోటకూర కట్ట ఊరికే ఇచ్చిపోతుంది.

"మేడం, ఈ నీళ్ళు మీవేనేమో సూడు."

"ఏమైంది పెద్దమ్మా?"

"ఎనుము మూతి పెట్టలే. ఏందబ్బా అని నేను నాలిక మీద ఏసుకుని సూసినా. పుల్లగా ఉండాది."

రేవతికి తన నాలుక మీదే ఏదో పాకినట్టయింది. పరీక్ష కాగితం చెంబులో ముంచింది. అది ఎర్రబడింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల పైన్నే. ఈ వారం మరీ జాస్తి అయింది. ముందు కంపు కొట్టేది, తెలిసేది. ఇప్పుడు తేటగా, లేత పచ్చగా వస్తా ఉండాయి. మంచి నీళ్ళే వదల్తా ఉండారనుకున్నా."

ఇద్దరూ కేంద్రం వెనక్కి నడిచారు. ప్రెస్సు షెడ్డులోంచి ఒక నల్ల పైపు కంపచెట్ల కింద పాకి వంకలోకి దిగింది. దాని నోటి దగ్గర రాళ్ళు తుప్పు రంగు తిరిగాయి. పాచి లేదు, ఒక్క కప్ప లేదు. పంపు పక్కనే నీడలో సూపర్‌వైజర్ ధనశేఖర్ క్యారియర్ ముందు పెట్టుకుని తింటున్నాడు.

"ఈ పైపేంది శేఖరన్నా?"

"సున్నం తొట్టి మోటరు కాలిపోయి ఐదు వారాలాయె గదా మేడం. కొత్తది వచ్చేదాకా ఈడికి వదల్తా ఉండాం." అతను ముద్ద కలుపుకున్నాడు. "బురద కడగమన్నారు, కడిగినాం. నీళ్ళ సంగతి ఎవురూ అడగలే."

"నాకు చెప్పాలి కదా?"

"మీరెప్పుడైనా షెడ్డు దాటి వచ్చినారా? సంతకం పెట్టి పంపిస్తానే ఉండారు."

అది నిజమే. వారం వారం రిపోర్టులో 'కడిగిన నీళ్ళు సున్నంతో శుద్ధి చేయడమైనది' అన్న వాక్యాన్ని రేవతి పాత కాగితంలోంచి దించేది. ఐదు వారాలుగా ఆ తొట్టి మొహం చూడలేదు.

చంద్రకాంతమ్మ అతని గిన్నెలోకి చూసింది. "అది నేనిచ్చిన తోటకూరే గదప్పా. ఈ నీళ్ళు కట్టే పెంచినా."

ధనశేఖర్ దవడ ఆగిపోయింది. నోట్లో ముద్దను కంపలోకి ఉమ్మి, తువ్వాలుతో నాలుక గీరుకున్నాడు. ఆ పచ్చటి ముద్ద ముల్లుకు తగులుకుని వేలాడింది.

రేవతి ఐదు మంగళవారాలూ ఆ కూర తీసుకుంది. వెల్లుల్లి వేసి వేపుడు చేసుకుంది, పప్పులో వేసుకుంది. రెండేళ్ళు ఊరి పెంట మధ్య తిరిగినా ఎప్పుడూ వాంతి చేసుకోలేదు. ఇప్పుడు షెడ్డు గోడ పట్టుకుని కక్కుకుంది.

చంద్రకాంతమ్మ వీపు నిమరలేదు. "మీరు తినింది వారానికో కట్ట. నేను దినం తప్పి దినం మార్కెట్టుకు పంపినా. ఎవురి బిడ్డలు తినినారో" అంది.

రేవతి మూతి తుడుచుకుని పంపు ఆపేసింది.

"కడిగే తొట్టి పొంగుతాది మేడం!" ధనశేఖర్ లేచాడు.

"పొంగదు. ఈ రోజు నుంచి కడగడం లేదు."

మేనేజరు ఫోన్లో బతిమాలాడు. "ఎరువు లారీలు పోవాల, ఒక్క వారం సర్దుకోమ్మా." ఆమె ఫోను పెట్టేసింది. చంద్రకాంతమ్మ చూస్తుండగా పైపు నోటి కింద నిలిచిన నీళ్ళతో మూడు సీసాలు నింపి మూతలకు సీలు వేసింది. సాయంత్రంలోగా ఉత్తరం రాసింది. ఐదు వారాల రిపోర్టులు తొట్టిని చూడకుండా రాసినవనీ, తప్పు తనదనీ, వాటిని వెనక్కి తీసుకుంటున్నాననీ. ఒక ప్రతి కంపెనీకి, ఒకటి కాలుష్య నియంత్రణ అధికారులకు.

నాలుగో రోజు అధికారులు వచ్చి ఆ సీసాలూ, వంక గట్టు మట్టీ పరీక్షకు తీసుకెళ్ళారు. కడగడం యాభై రోజులు ఆగింది. కొత్త మోటరు బిగించాక సున్నం తొట్టి అడుగున ఆకుపచ్చ మడ్డి దిగడం మొదలైంది. దాన్ని బస్తాలకెత్తారు. ధనశేఖర్‌ను నాయుడుపేట దగ్గర ఇంకో కేంద్రానికి మార్చారు. రేవతికి నోటీసు ఇచ్చారు. ఉద్యోగం ఉంచారు గానీ రిపోర్టుల మీద సంతకం చేసే అధికారం తీసేశారు. వంక గట్టు మట్టిలో నికెల్ ఎక్కువగా ఉందనీ, తినే పంట ఏదీ పెట్టకూడదనీ చంద్రకాంతమ్మకు చెప్పిపోయారు. ఎన్నాళ్ళో చెప్పలేదు.

వాళ్ళు ఆ మాట చెప్పిన తర్వాతి ఆదివారం రేవతి ఆమె మళ్ళ దగ్గరికి వెళ్ళింది. అంచులు పసుపెక్కిన తోటకూర మోకాలెత్తు పెరిగి ఉంది. చంద్రకాంతమ్మ ఒక్కతే పీకి గుంటలో వేస్తోంది. మేకలు అటు రాకుండా చుట్టూ కంప నాటింది. రేవతి పలకరించింది. చంద్రకాంతమ్మ తల ఎత్తకుండానే ఒక చిన్న పార ఆమె వైపు విసిరింది.

"వేర్లతో రావాల. సగం తెంపితే మళ్ళీ చిగురేస్తాది."

రేవతి తడి మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుంది. ల్యాబు నుంచి తెచ్చుకున్న చేతి తొడుగు చిరిగి, చల్లటి బురద గోళ్ళ కిందికి దూరింది. చెయ్యి వెనక్కి తీసుకోకుండా ఒక్కో మొక్క చుట్టూ పారతో తవ్వి, వేళ్ళతో వేరు పట్టి లాగింది. పొద్దు వాలేసరికి ఇంకా మూడు మళ్ళు మిగిలే ఉన్నాయి.