కంకణానికి ఉన్ని

నేను ఒక కత్తెరను. దర్జీ చేతిలోని నాజూకుదాన్ని అనుకునేరు! విరిగిన బండిచక్రపు పట్టాను కమ్మరి కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. గొర్రెల ఉన్ని కోయడానికే పుట్టాను. గొర్రెలు కాసే కురుమల ఇంట్లో తాత చేతి నుంచి తండ్రికి, ఆయన చేతి నుంచి కొడుకు ఓదెలుకు వచ్చాను. మూడు తరాల చెమటకు నా పిడులు నున్నబడ్డాయి.

అప్పట్లో చేతినిండా పని. నల్ల గొర్రెలను వాగులో కడిగి, ఎండకు ఆరబెట్టి, కాళ్లు కట్టి పడుకోబెట్టేవారు. కోసిన మొదటి కుచ్చు బీరప్ప దేవుడికి, మిగతాదంతా గొంగళ్లకు. తర్వాత మిల్లు దుప్పట్లు వచ్చాయి, ఉన్ని అడిగే దిక్కు లేకుండా పోయింది. మందలోకి ఎర్ర గొర్రెలు దిగాయి. వాటికి మాంసమే తప్ప ఉన్ని ఏదీ? దూలానికి వేలాడుతూ తుప్పు పట్టాను. పని లేని మనిషిని విశ్రాంతిలో ఉన్నాడంటారు, మా గతి మాత్రం ఇంతే.

ఒక్క ముసలి నల్ల గొర్రెను మాత్రం ఓదెలు అమ్మనివ్వలేదు. వాళ్లది పెండ్లిలో నూలుకు బదులు ఉన్ని కంకణం కట్టే వంశం. మనవరాలు మౌనిక పెండ్లికి ఇంటి గొర్రె ఉన్నితోనే కంకణం వడకాలని ఆయన పట్టు.

పెండ్లికి ముందురోజు నన్ను దించి, సానబట్టి, నూనె రాసి దొడ్డికి తీసుకెళ్లాడు. గొర్రె లేదు! కొడుకు సంపత్ పొద్దున్నే దాన్ని చుట్టాల విందుకు కోయించేశాడు. ఉన్నితో సహా దాని తోలు బేరగాడి బండెక్కి వెళ్లిపోయింది.

"ఎంత పని జేస్తివిరా! కంకణానికి ఉన్ని ఏడికెల్లి తేవాలె?"

"ముసల్దాయె, దాన్నెవడు కొంటడని కోపిచ్చిన బాపూ. కంకణం ముచ్చట యాదికే రాలే. దుకాన్ల దారం తెస్త."

"దారమెందుకురా, నా పాణం తియ్యి!"

ఊరంతా తిరిగాడు. ఏ దొడ్డిలో చూసినా ఎర్రవే. కాళ్లీడ్చుకుంటూ వచ్చి కూలబడ్డాడు. కాసేపటికి, ఒకప్పుడు తండ్రి కప్పుకున్న, ఇప్పుడు తాను కప్పుకుంటున్న గొంగడిని ఒళ్లోకి లాక్కున్నాడు.

"వద్దు తాతా! అది కోస్తె నీకు సలికెట్ల?" అంది మౌనిక.

"నా సలి నేను సూసుకుంట. నీ చెయ్యి ఉత్తగుండొద్దు బిడ్డా."

గొంగడి అంచు మీద నన్ను ఆడించాడు. ఒకనాడు నేను కోసిచ్చిన ఉన్నే అది. దాన్ని మళ్లీ కోయాల్సి రావడం ఏం ఖర్మ! ఆ పోచలు విప్పి, పేని, మౌనిక చేతికి కట్టారు. పెండ్లి జరిగింది.

ఆ తర్వాత మ్యూజియం వాళ్లు పాత సామాను అడిగితే సంపత్ నన్ను ఇచ్చేశాడు. ఓదెలు అడ్డం చెప్పలేదు. "ఇగ కోసెటందుకు ఏమున్నది, తీస్కపోనియ్" అన్నాడంతే.

ఇక్కడ ఒకాయన నన్ను శ్రద్ధగా తోమాడు. నా కీలులో మౌనిక కంకణం నాటి నల్ల ఉన్ని పోచ ఒకటి చిక్కుకుని ఉంది. సూదితో దాన్ని బయటికి లాగి, "ఛీ, చెత్త!" అని ఊదేశాడు. ఇప్పుడు అద్దాల పెట్టెలో తళతళలాడుతున్నాను. వచ్చినవాళ్లు చూసి, "అబ్బ, ఎంత బాగా కాపాడారో!" అంటున్నారు.