మంచం ఎత్తు

పొద్దున నేను పాప యూనిఫాం ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా, "మనుషుల్ని అనుమానించడమే నీ ఉద్యోగం," అన్నారు. అని, తన చొక్కా కూడా నా వైపు విసిరారు. రెండూ ఇస్త్రీ చేసి ఆసుపత్రికి వచ్చాను.

నేను పిల్లల డాక్టర్ని. నా పని అనుమానించడం కాదు, అడగడం. మంచం ఎంత ఎత్తు, కింద బండలా చాపా, పడగానే ఏడ్చాడా. చాలాసార్లు తల్లి మాటకీ దెబ్బకీ పొంతన కుదురుతుంది. నుదుటి మీద బొప్పి, ఒక్కోసారి చిట్లిన ఎముక, అంతే. తప్పు మీది కాదమ్మా అని ఊరడించి పంపిన రోజులే ఎక్కువ.

ఇవాళ వచ్చిన మూడు నెలల బాబుకి బొప్పి లేదు. ఇంకా దొర్లడమే రాని పిల్లాడు మోకాలెత్తు మంచం మీంచి పడ్డాడన్నారు. స్కానింగ్‌లో మెదడు చుట్టూ రక్తం. రెండు కళ్ళ వెనకా రక్తపు మచ్చలు. పరీక్షల్లో వేరే జబ్బేమీ దొరకలేదు. ఏది అడిగినా తండ్రే జవాబు చెబుతుంటే, మా పద్ధతి ప్రకారం ఆయన్ని బయట కూర్చోబెట్టి తల్లిని విడిగా అడిగాను.

ఆమె బాబు సాక్సు సర్దుతూనే చెప్పింది.

"ఏడుపాపట్లేదని మా ఆయన పట్టుకుని ఊపేశారు. ఆడిస్తున్నానన్నారు. మంచం మాట నమ్మకపోతే నా చేతిలోంచి జారాడని రాయండి మేడమ్, మా అత్తగారు అలాగే చెప్పమన్నారు. ఎలాగూ నన్నే అంటారు."

ఏడేళ్ళ కిందట, నాలుగు నెలల మా పాపని మా ఆయన చంకల కింద పట్టుకుని ఊపుతుంటే, దాని తల ముందుకీ వెనక్కీ వాలిపోతుంటే, లాక్కున్నాను. ఆడిస్తుంటే ఇంత రాద్ధాంతమా అన్నారు. మగాడు ఎత్తుకోవడమే గొప్ప అన్నారు అత్తగారు. పాపకేమీ కాలేదు. వారం రోజులు దాని కళ్ళలోకి టార్చి వేసి చూసుకున్నాను. డాక్టర్నై ఉండి ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకి కూడా. ఇంటినిండా మనుషులు, నాకు మాత్రం ఎవరూ లేరు. ఆ ఒంటరితనం ఎప్పుడో పోయిందనుకున్నాను.

"మీరైతే చెప్పేవారా మేడమ్?"

"చెప్పలేదు," అన్నాను.

ఆమె సాక్సు వదిలేసి నా మొహంలోకి చూసింది. చెప్పిన కారణానికీ దెబ్బకీ పొంతన లేదని ఆమె ఎదుటే కేసు షీటులో రాశాను. బాబుని ఆ ఇంటికి పంపకూడదని కింద ఇంకో వాక్యం. పిల్లల సంరక్షణ అధికారికి ఫోన్ చేశాను. ఆ తల్లి వద్దనలేదు. నా కొంగు పట్టుకుని ఏడ్చింది.

ఇవాళ ఎవర్ని అనుమానించావని సాయంత్రం ఇంట్లో ఆయన నవ్వుతూ అడుగుతారు. ఎవర్నీ లేదు, మిమ్మల్ని మాత్రం ఏడేళ్ళ కిందట కళ్ళారా చూశాను, అని చెబుతాను.